కాలువ ప్రమాదం తరువాత: మాటల చికిత్సా, శరీరం ద్వారా చికిత్సా?

ప్రశ్న:

మాది కోనసీమలో కాలువ గట్టున ఉన్న ఒక ఊరు. నా వయసు 36. పద్నాలుగు నెలల క్రితం ఒక పెళ్లికి వెళ్లి, తెల్లవారుజామున మంచులో తిరిగి వస్తుంటే మా కారు మలుపులో అదుపు తప్పి కాలువలో పడింది. నడిపింది మావారే. ఊరివాళ్లు అద్దం పగలగొట్టి నన్ను బయటికి లాగారు. నా పక్కన కూర్చున్న మా పిన్ని చనిపోయింది. బయలుదేరేముందు కడుపులో తిప్పుతోందని కిటికీ వైపు సీటు నేను తీసుకుని ఆవిడను మధ్యలోకి జరిపాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నీళ్లలో ఆవిడ చేయి నా చేతికి తగిలింది. పట్టుకోలేకపోయాను. ఒళ్లంతా కొయ్యబారిపోయింది.

అప్పటి నుంచి గట్టు రోడ్డు మీద ప్రయాణం చేయలేను. గుర్రపుడెక్క కుళ్లిన వాసన వస్తే గుండె దడదడలాడుతుంది. తలమీద చెంబుతో నీళ్లు పోసుకోలేను. రాత్రి రెండింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర ఉండదు. మా ఊరి ఆర్‌ఎంపీ గారు నిద్రకోసం ఇచ్చిన అల్ప్రాజోలం మాత్ర ఎనిమిది నెలలుగా వేసుకుంటున్నాను. పట్నంలో ఒక కౌన్సెలర్ దగ్గరికి కొన్నిసార్లు వెళ్లాను. ప్రతిసారీ జరిగినదంతా మొదటినుంచి చెప్పమనేవారు. సగంలో గొంతు పూడుకుపోయేది. ఇంటికి వచ్చాక రెండు రోజులు మంచం దిగలేకపోయేదాన్ని. చివరికి మానేశాను. హైదరాబాదులో ఉన్న మా ఆడపడుచు, మాటలతో ఇది పోదని, గాయం శరీరంలో ఉండిపోయిందని, ఒక మూడు రోజుల శిబిరంలో శ్వాసతోనూ వణుకుతోనూ దాన్ని బయటికి పంపేస్తారని, పాతిక వేలు కట్టాలని చెబుతోంది. మావారేమో రెండూ దండగే, ధైర్యం తెచ్చుకుంటే చాలంటారు. పిన్ని కూతురు నాతో మాట్లాడటం మానేసింది. ఆ రోజే నేనూ పోయి ఉంటే బాగుండేదని అప్పుడప్పుడు అనిపిస్తుంది. ఏ దారి పట్టమంటారు?

జవాబు:

అమ్మా,

మీరడిగిన దానికి ముందు, ఉత్తరం చివర మీరు రాసిన మాట గురించి చెప్పాలి. ఆ రోజే పోయి ఉంటే బాగుండేదన్న ఆలోచన, ఇటువంటి ప్రమాదంలో తాము బయటపడి అయినవాళ్లను పోగొట్టుకున్నవారిలో చాలామందికి వస్తుంది. వచ్చినంత మాత్రాన మీ మనసు చెడిపోయిందని అనుకోవద్దు. అయితే ఆ ఆలోచన ఊరికే వచ్చి పోవడం వేరు, ఎలా పోవాలన్నంత దాకా సాగడం వేరు. రెండోది ఒక్కసారి జరిగినా ఆ పూటే మీవారికి చెప్పి, టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన ఈ మానసిక సహాయ సేవ రాత్రీ పగలూ ఉచితంగా అందుతుంది, తెలుగులో మాట్లాడేవారు ఉంటారు. ఇంట్లోని నిద్రమాత్రల అట్టలు మాత్రం ఈ రోజు నుంచే మీ దగ్గర కాక మీవారి దగ్గర ఉండనివ్వండి.

ఇక మీ ప్రశ్న. మాటలా, శరీరమా అని మీరు వాటిని రెండు దారులుగా నా ముందు పెట్టారు. మీ ఉత్తరం చదివితే నాకు రెండు వేరువేరు ముడులు కనిపిస్తున్నాయి. నీళ్లు, గట్టు, ఆ వాసన ఎదురైనప్పుడు ఎగసిపడే భయం ఒకటి. సీటు మార్చుకున్నాననీ, చేయి పట్టుకోలేదనీ మిమ్మల్ని లోలోపల తినేస్తున్న అపరాధభావం రెండవది. భయాన్ని శరీరం వైపు నుంచి మొదలుపెట్టి సడలించవచ్చు, మీ విషయంలో అలా మొదలుపెట్టడమే మంచిది కూడా. అపరాధభావాన్ని మాత్రం ఏ శ్వాసా, ఏ ఆసనమూ విప్పలేవు. దానికి మాట కావాలి, ఆ మాట కూడా ఈ పని నేర్చిన మనిషి ముందు ఒక పద్ధతి ప్రకారం జరగాలి. అందువల్ల రెండింటిలో ఒకదాన్ని వదులుకోమని నేను చెప్పను. ఆ శిబిరానికి మాత్రం వెళ్లవద్దని గట్టిగా చెబుతాను. ఎందుకో వివరిస్తాను.

1996 నవంబరు 6 నాటి తుపానును కళ్లారా చూసిన మన కోనసీమ పెద్దవారిలో, ఈనాటికీ రాత్రిపూట ఈదురుగాలి మొదలైతే మంచం మీద లేచి కూర్చునేవారున్నారు. ఇది ఆ తుపాను కాదని వారికి తెలుసు, అయినా ఒళ్లు ఆ మాట వినదు. ప్రాణాపాయంలో మెదడు లోపలి హెచ్చరిక వ్యవస్థ ఆలోచన కోసం ఆగదు. అడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుస్తాయి, ఆ క్షణంలో చుట్టూ ఉన్న వాసన, చప్పుడు, చలి అన్నీ అపాయపు గుర్తులుగా ముద్రపడతాయి. అపాయం దాటాక చాలామందిలో ఈ వ్యవస్థ కొన్ని వారాలలో సద్దుమణుగుతుంది. కొందరిలో సద్దుమణగదు. 1980లో అమెరికా మనోవైద్యుల సంఘం తన వ్యాధుల గ్రంథంలో పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అని చేర్చినది ఈ స్థితినే. మీరు రాసిన లక్షణాలు దానికి చాలా దగ్గరగా ఉన్నాయి, నిర్ధారణ మాత్రం మిమ్మల్ని స్వయంగా చూసిన వైద్యులే చేయాలి. ఒక్క ఈసీజీ, ఒక థైరాయిడ్ పరీక్ష కూడా చేయించుకోండి. గుండెదడకు మరో కారణం లేదని తేలితే మీకే నిబ్బరంగా ఉంటుంది.

పిన్నిగారి చేయి గురించి మీరు రాసిన రెండు వాక్యాల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. తప్పించుకునే దారి, ఎదిరించే దారి రెండూ మూసుకుపోయినప్పుడు మనిషి శరీరం ఉన్నచోటనే బిగుసుకుపోతుంది. కదలాలని మనసు కోరుకుంటున్నా చేయి లేవదు, అరవాలన్నా గొంతు పలకదు. వైద్యులు దీనిని టానిక్ ఇమ్మొబిలిటీ అంటారు. ప్రమాదాలలోనూ, దాడులలోనూ చిక్కుకున్న ఎందరిలోనో దీన్ని గమనించారు. ఇది మీరు తీసుకున్న నిర్ణయం కాదు. చీకటిలో, చల్లటి నీళ్లలో, తలకిందులైన కారులో మీరు ఏదో ఎంచుకున్నట్టుగా ఇన్నాళ్లూ మిమ్మల్ని మీరు విచారించుకుంటున్నారు. అక్కడ ఎంచుకోవడానికి ఏదీ మిగలలేదమ్మా. ఈ మాటను నేను రాసినంత మాత్రాన మీ మనసు నమ్మదని తెలుసు. చికిత్సలో ఎవరితోనైనా మొట్టమొదట కూర్చుని తేల్చుకోవలసిన విషయం ఇదేనని మాత్రం గుర్తుపెట్టుకోండి.

కౌన్సెలర్ దగ్గర గొంతు పూడుకుపోవడం కూడా మీ బలహీనత కాదు. 1996లో 8 మంది బాధితులపై జరిగిన ఒక చిన్న అధ్యయనంలో, వారి దుర్ఘటనను వారికే గుర్తుచేస్తూ మెదడు చిత్రాలు తీసినప్పుడు, మాటను కూర్చే బ్రోకా ప్రాంతంలో చురుకుదనం తగ్గినట్టు కనిపించింది. అధ్యయనం చిన్నదే కాబట్టి దాని మీద పెద్ద సిద్ధాంతం కట్టకూడదు, కానీ మీ అనుభవంతో అది సరిపోలుతోంది. అసలు అక్కడ జరిగినది చికిత్సేనా అన్నది నా అనుమానం. జరిగినదంతా ప్రతిసారీ మొదటినుంచి చెప్పించి, చెప్పిన తరువాత ఒళ్లు కుదుటపడే వరకు పక్కన నిలవకుండా ఇంటికి పంపడం ఏ చికిత్సా పద్ధతిలోనూ లేదు. కాబట్టి మాటల చికిత్స మీకు పనిచేయలేదనే నిర్ణయానికి అప్పుడే రావద్దు. మీకు అది ఇంకా అందలేదు.

నిజమైన మాటల చికిత్స ఎలా ఉంటుందో చెబుతాను. కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ అనే పద్ధతిలో సాధారణంగా 12 సిట్టింగులు ఉంటాయి. "నేను సీటు మార్చకపోతే పిన్ని బతికేది" వంటి వాక్యాన్ని కాగితం మీద రాయించి, దానిని ఒక్కొక్క ప్రశ్నతో పరీక్షకు పెడతారు. సీటు మార్చుకునేటప్పుడు కారు కాలువలో పడుతుందని మీకు తెలుసా? తెలిసి చేసిన పనికీ, తెలియక చేసిన పనికీ ఫలితం ఒకటే అయినంత మాత్రాన నేరం ఒకటే అవుతుందా? కడుపులో తిప్పుతుంటే కిటికీ పక్కకు జరిగిన మనిషిని మీరు మరొకరి విషయంలో అయితే ఏమంటారు? ఇలా వారాల తరబడి సాగుతుంది. ఇందులో మీకు పనికివచ్చే మరో విశేషం ఉంది. 2008లో 150 మంది స్త్రీలపై ప్రచురితమైన అధ్యయనంలో, ఘటనను వివరంగా రాయించి చదివించే భాగాన్ని తీసేసి చేసినా ఈ చికిత్స బాగానే పనిచేసింది. అంటే గొంతు పూడుకుపోయే ఆ నిమిషాలను పూసగుచ్చినట్టు చెప్పకుండానే మీరు చికిత్స పొందవచ్చు. ప్రోలాంగ్డ్ ఎక్స్‌పోజర్ అనే మరో పద్ధతి జ్ఞాపకాన్నీ, తప్పించుకు తిరుగుతున్న చోట్లనూ మెట్టు మెట్టుగా ఎదుర్కొనేలా చేస్తుంది. ఈఎండీఆర్ అనే పద్ధతిలో జ్ఞాపకాన్ని మనసులో ఉంచుకుని, వైద్యుల వేలు కదిలినట్టల్లా కళ్లు కదుపుతారు. అందులో మాటలు తక్కువ. కళ్ల కదలిక ఎంతవరకు అవసరమనే దానిపై పరిశోధకులలో వాదనలున్నా, చికిత్సగా దాని ఫలితాలకు గట్టి ఆధారాలున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో పెద్దవారికి సూచించిన చికిత్సలలో దుర్ఘటనపై దృష్టిపెట్టే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (పైన చెప్పిన మొదటి రెండు పద్ధతులూ ఈ కోవలోవే), ఈఎండీఆర్ ఉన్నాయి.

మీ ఆడపడుచు చెప్పినదాంట్లోనూ కొంత నిజముంది, దానిని కొట్టిపారేయకూడదు. అమెరికాకు చెందిన పీటర్ లెవీన్ 1970లలో రూపొందించడం ప్రారంభించిన సొమాటిక్ ఎక్స్‌పీరియెన్సింగ్‌లో ఏం జరిగిందని మొదట అడగరు. ఇప్పుడు ఒంట్లో ఎక్కడ ఏం తెలుస్తోందని అడుగుతారు. ఛాతీలో బిగువు ఉందంటే, బిగువు లేని చోటు ఒంట్లో ఎక్కడైనా ఉందా అని వెతికిస్తారు. అరికాళ్లు నేలమీద ఆనిన చోట హాయిగా ఉందనుకోండి, దృష్టిని కాసేపు అక్కడ నిలిపి, మళ్లీ ఛాతీ దగ్గరికి కొద్దిగా తెచ్చి, వెంటనే అరికాళ్లకు తీసుకువెళతారు. ఇలా తట్టుకోగలిగినంత మేరకే భయాన్ని తాకుతూ, ఒంటికి తిరిగి స్థిమితపడటం నేర్పిస్తారు. ఇజ్రాయెల్‌లో 63 మందిపై జరిగి 2017లో ప్రచురితమైన అధ్యయనంలో ఇది మేలు చేసినట్టు తేలింది, అయితే పోల్చినది చికిత్స కోసం ఎదురుచూస్తున్న వారితోనే గాని మరో చికిత్సతో కాదు. యోగా విషయానికి వస్తే, చికిత్సలు పొందినా తగ్గని 64 మంది స్త్రీలపై అమెరికాలో జరిగి 2014లో వెలువడిన అధ్యయనంలో, 10 వారాల యోగా తరగతుల తరువాత 52 శాతం మంది ఆ వ్యాధి నిర్ధారణ పరిధి నుంచి బయటపడ్డారు. ఆరోగ్య పాఠాలు మాత్రమే విన్నవారిలో అది 21 శాతం. ఇవి మంచి ఫలితాలే. మాటల చికిత్సల వెనుక ఉన్నన్ని పెద్ద అధ్యయనాలు మాత్రం వీటి వెనుక ఇంకా లేవు. అందుకే శరీర పద్ధతులను నేను చికిత్సకు తోడుగా, చాలాసార్లు చికిత్సకు వాకిలిగా చూస్తాను.

అదే కొలతతో ఆ శిబిరాన్ని చూడండి. గాయం ఒంట్లో ఎక్కడో విషంలా నిలవ ఉండి, వణికితే బయటికి పోయే పదార్థం కాదు. అది నేర్చుకున్న భయం, అది తగ్గాలంటే భద్రత అనుభవంలోకి రావాలి. సొమాటిక్ ఎక్స్‌పీరియెన్సింగ్ కూడా కొద్దికొద్దిగానే తాకమంటుంది. హాలు నిండా కొత్తవారు, పెద్ద సంగీతం, మూడు రోజులలో అంతా తేలిపోవాలన్న తొందర, ఇవేవీ అందులో లేవు. వేగంగా ఊపిరి పీల్చి వదులుతూ పోతే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది, ఛాతీ పట్టేసినట్టు ఉంటుంది. నీళ్లలో ఊపిరాడక బయటపడిన మీకు అది మళ్లీ మునిగినట్టే ఉంటుంది. ఆ తరువాత మీరు కోనసీమ తిరిగి వచ్చేస్తారు, రాత్రి రెండింటికి మెలకువ వస్తే ఆ శిబిరం వారెవరూ మీ పక్కన ఉండరు. మీ ఆడపడుచు మీ మీద ప్రేమతోనే చెప్పింది. ఆమెతో వాదించకుండా, ఆ పాతిక వేలను ఒక మంచి క్లినికల్ సైకాలజిస్టు సిట్టింగులకు వాడుకుంటానని చెప్పండి.

చికిత్స కుదిరేలోపు ఇంట్లో చేయదగినవి ఉన్నాయి. చాలామంది సలహాదారులు ముందుగా శ్వాస మీద ధ్యాస పెట్టమంటారు. నిశ్వాస నిడివి పెరిగితే గుండె నెమ్మదిస్తుందన్నది నిజమే. కానీ ఊపిరాడని జ్ఞాపకం ఉన్నవారికి శ్వాసను గమనించడమే భయం కలిగించవచ్చు. అందుకని మీరు కళ్లతోనూ కాళ్లతోనూ మొదలుపెట్టండి. గుండెదడ మొదలవగానే కళ్లు మూసుకోకుండా, తలను నెమ్మదిగా తిప్పుతూ మీరున్న గదిలో గుమ్మం ఎక్కడుందో, కిటికీ ఎక్కడుందో, గోడ మీద క్యాలెండరులో ఈ రోజు తేదీ ఏమిటో చూడండి. అరికాళ్లతో నేలను గట్టిగా అదమండి. ఇది ప్రమాదం జరిగిన రోజు కాదని ఒంటికి తెలియజేయడమే ఇందులోని పని. స్నానం దగ్గర ఇంకాస్త ఓపిక కావాలి. పీట మీద కూర్చుని, తలుపు గడియ వేయకుండా, గోరువెచ్చని నీటిని చెంబుతో పాదాల మీద మాత్రమే పోసుకోండి, కళ్లు తెరిచే ఉంచండి. అది మామూలైపోయాక మోకాళ్లు, తరువాత భుజాలు. తలస్నానానికి తలను వెనక్కి వాల్చితే నీళ్లు ముఖం మీదికి రావు, మీకు నమ్మకమున్న ఆడవారెవరైనా వెనుక నుంచి పోస్తే ఇంకా మంచిది. ఏ మెట్టు దగ్గరైనా ఒళ్లు ఎదురుతిరిగితే ముందటి మెట్టుకు దిగడంలో తప్పు లేదు.

గట్టు రోడ్డు పనిని మాత్రం ఒంటరిగా తలపెట్టకండి, చికిత్స చేసేవారితో కలిసి క్రమం వేసుకోండి. ఈ డెల్టాలో అందుకు ఒక వీలుంది. దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక వేసవిలో కాలువలు కట్టేస్తారు కదా, అప్పుడు చాలా చోట్ల అడుగు కనిపిస్తుంది. నీళ్లు లేని కాలువను పగటిపూట దూరం నుంచి చూడటం, మరోనాడు గట్టు మీద నిలబడటం, ఆపైన కొద్ది దూరం నడవడం, ఇలా సాగితే సార్వాకు (తొలి పంటకు) నీళ్లు వదిలే నాటికి మీరు చాలా దూరం వచ్చి ఉంటారు. ప్రతిచోటా భయం ఎక్కి, దానంతట అదే దిగేవరకు నిలవడం ముఖ్యం. భయం పైకెక్కిన క్షణంలో పారిపోతే అది మరింత బలపడుతుంది. ఇన్నాళ్లూ చుట్టుతిరుగుడు దారులు మీకు చేసింది అదే.

అల్ప్రాజోలం గురించి. ఈ వ్యాధికి ఆ తరగతి (బెంజోడయజపీన్) మాత్రలు వాడవద్దని అమెరికా మాజీ సైనికుల వ్యవహారాల శాఖ, రక్షణ శాఖ కలిసి 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. అలవాటు పడే గుణం కూడా వాటికి ఉంది. అయినా ఎనిమిది నెలలుగా వేసుకుంటున్న మాత్రను ఒక్కసారిగా మానితే మూర్ఛలు కూడా రావచ్చు, కాబట్టి మానసిక వైద్యుల పర్యవేక్షణలో నెమ్మదిగా తగ్గించుకోవాలి. అవసరమైతే ఆందోళన, కుంగుబాటు తగ్గించే సెర్ట్రలీన్ వంటి మందు వారు రాస్తారు. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడికి వెళ్లాలన్నా కాలువలు దాటాలి, అదే మీ కష్టమని తెలుసు. మొదటి అడుగుగా టెలీ మానస్‌తో మాట్లాడండి, వీడియో ద్వారా చూసే వైద్యులను గురించి అడగండి. క్లినికల్ సైకాలజిస్టును ఎంచుకునేటప్పుడు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు సంఖ్య అడగండి. ఏ పద్ధతిలో చికిత్స చేస్తారు, ఎన్ని సిట్టింగులు పట్టవచ్చు, మధ్యలో ఆగాలనిపిస్తే ఏం చేస్తారు అని కూడా అడగండి. మూడో ప్రశ్నకు విసుక్కునేవారి దగ్గరికి రెండోసారి వెళ్లనవసరం లేదు.

మీవారి గురించి ఒక మాట. ఆ రోజు స్టీరింగు ఆయన చేతుల్లో ఉంది. ధైర్యం తెచ్చుకొమ్మని ఆయన మీతో అన్నప్పుడల్లా తనకు కూడా చెప్పుకుంటున్నారేమోనని నాకు అనిపిస్తోంది. ఆయన నిద్ర ఎలా ఉంది, ఆ మలుపు దగ్గర ఆయనకేమవుతోంది అని మీరెప్పుడైనా అడిగారా? అడిగితే కోపం వచ్చినా నొచ్చుకోవద్దు. ఆయనకు నేను చెప్పేది ఇది: అయ్యా, మీ భార్యకు కావలసినది ధైర్యం కాదు, వైద్యం. మీకూ అది అవసరం కావచ్చు. మొదటి సిట్టింగుకు ఇద్దరూ కలిసి కూర్చోండి.

పిన్నిగారి అమ్మాయి మౌనంలో కోపం ఎంతో, దుఃఖం ఎంతో బయటినుంచి చెప్పలేము. సీటు సంగతి ఆమెకు ముందుగా చెప్పేసి బరువు దించుకోవాలన్న తొందర మీకు కలగవచ్చు. అది ఇప్పుడు చేయవద్దు. ఆ మాట మొదట చికిత్స గదిలో పలకాలి, దాని మీద కొన్ని వారాల పని జరగాలి. అప్పటివరకు నెలకు ఒకసారి, జవాబు అడగకుండా, క్షేమం కనుక్కునే చిన్న సందేశం పంపుతూ ఉండండి. ఆబ్దికం ఎప్పుడు వస్తుందో తెలుసుకుని, ఆ రోజు రావచ్చా అని పెద్దవారి ద్వారా ముందుగా అడిగించండి. వద్దంటే ఆ మాట మన్నించి, ఆ రోజు మీ ఇంట్లోనే పిన్నిగారి పేరిట నలుగురికి భోజనం పెట్టండి.